కూకునే చోటు

నేను ఒక కత్తిపీటను. నాకున్నదల్లా నోరే. ఒళ్ళంతా నోరున్న వస్తువు ఇన్నేళ్ళూ తన కథ చెప్పకుండా ఊరుకుందంటే అది ఓర్పనుకునేరు. కాదు, తీరిక లేక. చేపల బజారు తెరిచింది మొదలు మధ్యాహ్నం ఎండ మాడ్చేదాకా నాకు ఊపిరాడదు. ఇవాళ సముద్రంలో వాయుగుండమట, పడవలు వెళ్ళలేదు, నాకు సెలవు. అందుకని చెబుతున్నాను. వినే ఓపిక లేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

నేను పుట్టింది రేవుపేట శివార్లలో, లారీలు బాగుచేసే షెడ్ల వెనక, అప్పలాచారి కొలిమిలో. నా కత్తి ఒకప్పుడు ఏదో లారీకి కమానుపట్టీ. విరిగిపోతే పాత ఇనుము కొట్టు నుంచి తెచ్చి, ఎర్రగా కాల్చి, సాగగొట్టి, వంపు తిప్పి, కొసన కొబ్బరి కోరడానికి పళ్ళు కోసి, నల్లతుమ్మ పీటలో దించారు. చూసినవాళ్ళందరూ "అప్పలాచారి చెయ్యి పడితే ఆ పదునే వేరు" అన్నారు. ఆచారి మీసం సవరించుకున్నాడు. ఆయన పట్టుకారుతో నన్ను దాగలి మీద అటూ ఇటూ తిప్పిన మాట నిజమే. కానీ సమ్మెట ఎత్తి నా మీద దెబ్బ వేసింది ఆయన భార్య గవరమ్మ. కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, చంటిదాన్ని గుడ్డ ఉయ్యాల్లో పడుకోబెట్టి, దెబ్బకొక ఊపిరి వదులుతూ కొట్టింది. ఆ దెబ్బలు తిన్నదాన్ని నేను, నాకు తెలియదూ? నేనింకా కొలిమి గోడకు వేలాడుతుండగానే ప్రభుత్వంవారు వచ్చి చేతిపనుల వాళ్ళకు పనిముట్లు పంచారు. కొత్త సమ్మెట ఆచారి చేతిలో పెట్టి ఫొటో తీశారు. గవరమ్మ ఆ ఫొటోలో లేదు. వచ్చినవాళ్ళందరికీ లోపల టీ కాస్తోంది.

నన్ను కొన్నది వర్ధనమ్మ గారు. ఆవిడ భర్త శేషగిరి గారు కాలేజీలో అర్థశాస్త్రం మాస్టారు. ఆ ఇంట్లో చాలా ఏళ్ళున్నాను. వంకాయ, బెండకాయ, ఆవకాయకు మామిడికాయ, అట్లతద్దికి గుమ్మడికాయ, నేను కొయ్యనిది లేదు. పొద్దున్నే అందరికంటే ముందు లేచేది ఆవిడ, ఆవిడ వెనకే నేను. మాస్టారికి జీతం, పీఎఫ్, వేసవి సెలవులు, ఆదివారం ఉండేవి. మా ఇద్దరికీ ఆదివారమంటే మాంసం కూడా కొయ్యాలని అర్థం.

ఒకరోజు జనాభా లెక్కలాయన వచ్చి వసారాలో కూర్చున్నాడు. మేం ఆ పూట కంద కోస్తున్నాం. కంద ఎంత దురదో చేతులకు తెలుస్తుంది. "అమ్మగారు ఏం పని చేస్తారండీ?" అని ఆయన అడిగాడు. మాస్టారు పేపరు మీంచి తల ఎత్తకుండానే, "ఆవిడ ఏమీ చెయ్యరు. ఇంట్లోనే ఉంటారు" అన్నారు. వర్ధనమ్మ గారి చెయ్యి ఆగింది. నా నోటి దగ్గర కంద ముక్క సగంలో నిలిచిపోయింది. నాకు ఒళ్ళు మండింది. మాస్టారు కాలేజీలో చెప్పే పాఠం జాతీయాదాయమట. దేశంలో ఎవరెవరు ఏమేం తయారు చేస్తున్నారో అంతా కలిపి చూపిస్తారట. అందులో మా వంటిల్లు లేదు. ఆయన తిని వెళ్ళే కందబచ్చలీ లేదు.

వర్ధనమ్మ గారు మిగిలిన కంద కోసి పొయ్యి మీదకెక్కించారు. ఆ పూట కందకూరలో చింతపండు పులుసు మాత్రం సరిగ్గా పడలేదు. మాస్టారి గొంతు సాయంత్రం దాకా దురద పెట్టింది, క్లాసులో పాఠం చెప్పలేక ముందే వచ్చేశారు. పొరపాటైపోయిందని ఆవిడ అన్నారు. నేనూ అలాగే అనుకున్నట్టు ఊరుకున్నాను.

ఆ ఇంటికి చేపలు తెచ్చేది పరదేశమ్మ. రేవు నుంచి నెత్తిన గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. రేవుపేటలో ఒక ఆనవాయితీ ఉంది. చేపలమ్మి పెరట్లో గంప దించగానే, ఇంటావిడ తన కత్తిపీట తెచ్చి మెట్టు మీద పెట్టాలి, గుప్పెడు బూడిద ఇవ్వాలి. చేపలమ్మి తెచ్చిన చేప, ఇంటావిడ కత్తిపీట. అలా పరదేశమ్మ పాదం మొదటిసారి నా పీట మీద పడింది. అబ్బో, ఏం పాదం! ఉప్పునీళ్ళలో, ఇసకలో, తారురోడ్డు మీద నలిగి గట్టిపడ్డ పాదం. అది పడితే నేను కదిలితే ఒట్టు. చేతులకు బూడిద పూసుకుని, జారిపోయే సవడాయి చేపనైనా పట్టుకుని, పొలుసు గీకి, రెక్కలు తీసి, కడుపు చీల్చి, ముక్కలు చేసేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. వీధిలో ఎవరింట ఏం వండారో, రేవులో ఎవరు ఎవర్ని తిట్టారో అన్నీ వర్ధనమ్మ గారికి చెప్పేది. వర్ధనమ్మ గారు పకపకా నవ్వడం నేను విన్నది ఆ మెట్టు మీదే.

కొన్నేళ్ళకు పరదేశమ్మ మెట్టు ఎక్కడానికే చెయ్యి ఆనించవలసి వచ్చింది. "మోకాల్లు పోనాయమ్మా," అంది ఒకరోజు. "గంపెత్తితే దించనేను, దించితే ఎత్తనేను. బస్సుల కాంప్లెక్సు కాడ సేపలు కోసేవోల్ల వరసలో కూకుందారనుకుంతన్నాను. ఓ కత్తిపీట కొనుక్కోవాల."

వర్ధనమ్మ గారు నా వైపు చూశారు. నన్ను కడిగి, తుడిచి, పరదేశమ్మ గంపలో పెట్టారు. "తీసుకెళ్ళవే. నా దగ్గరుంటే దీనికి జీతం రాదు. నీ దగ్గరైనా సంపాదించుకోనీ" అన్నారు. మాస్టారు సాయంత్రం వచ్చి కత్తిపీట ఏదని అడిగితే, "ఉద్యోగంలో చేరింది" అన్నారట. పరదేశమ్మ ఈ మాట వరసలో అందరికీ చెప్పి పదే పదే నవ్వింది.

నిజంగా ఉద్యోగమే. అదే నేను, అదే బూడిద, అదే చేప. పెరటి మెట్టు మీద ఉన్నంతకాలం ఒక్క పైసా చూడనిదాన్ని, రోడ్డు మీదకు రాగానే నా ఎదట చిల్లర పడడం మొదలైంది. నాలో మారిందేమీ లేదు. మారిందల్లా గుమ్మం. ఆడవాళ్ళ పని గుమ్మానికి ఇవతల ఉంటే ప్రేమ, అవతల ఉంటే కూలి. ఈ సంగతి కనిపెట్టిన మొగవాణ్ణి నేను తప్పు పట్టను, మహా తెలివైనవాడు. కాకపోతే ఒక్కసారి నా ఎదట కూర్చుంటే బాగుండును.

కాంప్లెక్సు పక్కన మా వరస ఉండేది. నేల మీద గోనెసంచి, దాని మీద పీట, పీట మీద కాలు, పక్కన నీళ్ళ డబ్బా. పక్క దుకాణాల్లో చేప కొన్నవాళ్ళు మా దగ్గరికి తెచ్చి కోయించుకునేవాళ్ళు. వరసలో బస్టాపు వైపు చివరిచోటుకి బేరాలెక్కువ, గోడ వైపుకి తక్కువ. అందుకని వంతు పెట్టుకున్నారు. వారం మారితే మనిషి జరగాలి. బస్టాపు చోట ఈ వారం నువ్వు, వచ్చే వారం ఆవిడ, ఆ పై వారం ఇంకొకావిడ. పురిటి నుంచి లేచి వచ్చినదానికీ, సముద్రం మీదికి వెళ్ళిన మొగుడు ఇంకా రానిదానికీ వంతు కాకపోయినా ఆ చోటు ఇచ్చేవాళ్ళు. ఈ పద్ధతి ఏ ప్రభుత్వమూ చెప్పలేదు, ఏ ఆఫీసులోనూ దీనికి ముద్ర పడలేదు. తగువులు పడేవాళ్ళు, జుట్లు పట్టుకునేవాళ్ళు. వంతు మాత్రం తప్పేవాళ్ళు కాదు.

ఆ వరసలో పరదేశమ్మ పక్కన కాసులమ్మ ఉండేది. ఆమె మొగుడు చేపల పనికని గుజరాత్ వైపు వలస వెళ్ళి మరి రాలేదు. పోయాడని కబురు లేదు, ఉన్నాడని కబురూ లేదు. మొగుడు పోయినదానికి ఇచ్చే పింఛను ఇవ్వరు, పోయాడని రుజువు ఏదంటారు. మొగుడున్నదానికి ఇచ్చేవి ఇవ్వరు, అతన్ని తీసుకురమ్మంటారు. "ఆడు కనిపిత్తే పింఛనెందుకు, నానే ఆణ్ణి కొయ్యనా?" అనేది కాసులమ్మ. ఇద్దరు ఆడపిల్లల్ని పక్కన నేను చూస్తుండగా ఈ కోతతోనే పెంచింది.

పరదేశమ్మ మొగుడు సూరాడు మంచివాడు. మంచివాడంటే కొట్టడు, తిట్టడు, అడిగిందానికి తలూపుతాడు. అతనికి చిన్న తెప్ప ఉంది. పెద్ద పెద్ద మరబోట్లు సముద్రాన్ని ఊడ్చుకుపోయాక తెప్పకు మిగిలేది పులుసుకు చాలేంతే. ఇల్లు గడిచేది నా మీద. అయినా రేవులో ఎవరైనా అడిగితే గంగపుత్రుడు సూరాడు, పరదేశమ్మ సూరాడి పెళ్ళాం.

ఇలా ఉండగా మునిసిపాలిటీవాళ్ళు చేపల మార్కెట్టు కట్టారు. ఆధునికం అన్నారు. తెల్లటి టైల్సు, స్టీలు కుళాయిలు, పైన రేకుల కప్పు, ఫ్యాన్లు. కడుతున్నన్నాళ్ళూ మా వరసవాళ్ళు పని అవగానే వెళ్ళి చూసొచ్చేవాళ్ళు. "ఎండ తగలదే కాసులా," "కుళాయి తిప్పితే నీల్లే!" అని పొంగిపోయేవాళ్ళు. ఇంజనీరు ఏ దేశంలో చూసొచ్చాడో గానీ, బల్లలన్నీ నడుమెత్తున కట్టాడు. బల్ల వెనక నిలబడి, పెద్ద కత్తితో నరికి అమ్మాలట. కూర్చోడానికి జానెడు చోటు లేదు. కత్తిపీట అనేది కూర్చుని, కాలితో తొక్కిపట్టి, చేపనే కత్తి దగ్గరికి తెచ్చే వస్తువని ఆయన ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేదు. కత్తిపీట ఆయన ఇంట్లోనూ ఉండే ఉంటుంది. వంటింట్లోకి వెళితే కదా కనిపించడానికి.

తరవాత ఆటోకి మైకు కట్టి చాటించారు. బల్లలు మత్స్యకార సంఘం సభ్యులకే ఇస్తారు. సంఘంలో సభ్యులెవరంటే వేటకు వెళ్ళేవాళ్ళు. వేటకు వెళ్ళేది మొగవాళ్ళు. కాబట్టి బల్లలు మొగవాళ్ళవి. ఎంత నున్నగా తేలిపోయిందో చూశారా! చేపను పట్టినవాడు మత్స్యకారుడు. దాన్ని ఒడ్డున కొని, మోసి, కోసి, అమ్మి, డబ్బు చేసి ఇంటికి తెచ్చినది ఎవరూ కాదు. సంఘం ప్రెసిడెంటు ఎల్లాజీ ఇరవయ్యేళ్ళుగా తెప్ప మీద కాలు పెట్టలేదు. ఐస్ ఫ్యాక్టరీ నడుపుతాడు. అతను మాత్రం మత్స్యకారుడే.

మార్కెట్లో కత్తిపీటలు నిషిద్ధం అని కూడా బోర్డు పెట్టారు. శుభ్రత కోసమట. చేపలు కోయడానికి కొందరు మొగపిల్లలకు శిక్షణ ఇచ్చి, రబ్బరు ఏప్రాన్లు, బూట్లు ఇచ్చారు. వాళ్ళు కోస్తే రేటు మా కోతకు రెట్టింపు. అది నైపుణ్యమట. పరదేశమ్మ అంతకాలం చేసింది అలవాటు. మరి మా వరస ఆడవాళ్ళని ప్రభుత్వం మరిచిపోయిందనుకుంటున్నారా? ఎంతమాట! అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి, మహిళా సాధికారత గురించి ఉపన్యాసం ఇచ్చి, ఇంట్లోనే ఉండి చేపల పచ్చడి పెట్టుకోవడం నేర్పుతామన్నారు.

"పచ్చడి ఎవులు కొంతారు బాబూ?" అని కాసులమ్మ లేచి అడిగింది.

"మార్కెటింగ్ మీరే చూసుకోవాలమ్మా."

"మార్కెట్లోంచి గెంటీసి మార్కెటింగు సూసుకోమంతారేటి!" అంది కాసులమ్మ. హాలంతా గొల్లుమంది. ఉపన్యాసం ఇచ్చినాయన కూడా నవ్వాడు. నవ్వి మైకు కట్టేశాడు.

మార్కెట్టు తెరవడానికి కొద్దిరోజుల ముందు ట్రాక్టరు వచ్చి మా వరస ఎత్తేసింది. గోనెలు, డబ్బాలు, కత్తిపీటలు అన్నీ తొట్టెలో పడేశారు. పరదేశమ్మ నా పీట పట్టుకుని వదల్లేదు. ఒకడు ఆమె వేళ్ళు విప్పదీశాడు. పొద్దుటి నుంచి నన్ను పట్టి చేప కోసిన ఆ చేతిని ఎవరో విప్పదీయడం చూసి, ఇనుమునైనా నాకు ఏడుపొచ్చింది. మమ్మల్ని తీసుకెళ్ళి మునిసిపాలిటీ గోడౌన్లో కుప్ప పోశారు. తోపుడుబళ్ళ చక్రాలు, చిరిగిన ఫ్లెక్సీలు, వెలగని వీధిదీపాలు, వాటి మధ్య మేము. నాలాంటివాళ్ళు కథ చెప్పుకుంటే అది సాధారణంగా ఇలాంటి తుక్కు కుప్పలోనే ముగుస్తుంది. కళ్ళు తుడుచుకుని, బతుకంటే ఇంతేనని నిట్టూర్చి ఊరుకోవాలి. నాకు ఆ బుద్ధి పుట్టలేదు. తుప్పు పట్టేలోగా ఎవరి చెయ్యో ఒకటి కోసి తీరాలనుకున్నాను.

ఆ అవసరం రాలేదు. మర్నాడు మా వరస ఆడవాళ్ళందరూ చేపల గంపలతో మునిసిపల్ ఆఫీసు వరండాలోకి వచ్చి కూర్చున్నారు. అరవలేదు, జెండా పట్టలేదు. "కత్తిపీటలిత్తే కోసుకుని పోతాం" అన్నారంతే. కత్తిపీటలు లేవు కాబట్టి చేపలు కొయ్యలేదు. కొయ్యని చేప వేసవి ఎండలో ఏం చేస్తుందో అది చేసింది. మధ్యాహ్నానికి ఆఫీసులో ఫైళ్ళు తిప్పేవాళ్ళు ముక్కుకు రుమాళ్ళు కట్టారు. సాయంత్రానికి రుమాళ్ళూ పనిచెయ్యలేదు. మార్కెట్ ఆఫీసరు గారు స్వయంగా తాళాలు పట్టుకుని వచ్చారు.

"తీసుకెళ్ళండి. కానీ ఇళ్ళల్లో వాడుకోడానికే. మార్కెట్లోకి తేకూడదు" అన్నారు.

చూశారా, ఇంట్లో నాతో ఏ ప్రమాదమూ లేదు! అక్కడ నేను శుభ్రం. జీతం వచ్చే చోటే నాకు మురికి అంటుకుంటుంది.

గుమస్తా ఒకాయన అడ్డం వచ్చి, అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఎవరిదో ఆధారం ఏమిటన్నాడు. "కాలెట్టి సూత్తాం బాబూ" అంది పరదేశమ్మ. ఒక్కొక్కళ్ళూ వచ్చి పీట మీద కాలు పెట్టి చూసుకున్నారు. ఏళ్ళ తరబడి తొక్కిపట్టిన పీట ఆ పాదానికే గుంట పడుతుంది, ఇంకొకరికి కుదరదు. పరదేశమ్మ పాదం నా గుంటలోకి వచ్చి కూర్చుంది. గుమస్తా ఆవలించి పొమ్మన్నాడు.

ఆ రోజుల్లో పరదేశమ్మ ఇంట్లో పొయ్యి ఒక్క పూటే వెలిగేది. సూరాడి తెప్ప చేపలు ఉప్పూకారాలకే సరిపోయేవి. పరదేశమ్మ మోకాళ్ళకు రాసుకునే నూనె సీసా ఖాళీ అయి, అలాగే గూట్లో ఉంది. చెప్పేవాళ్ళకి పచ్చడి పెట్టుకోమనడం తేలికే. ఆమెకు కావలసింది కూర్చుని చేప కోసుకునే చోటు. అంతకంటే ఏమీ అడగలేదు, అంతకంటే తక్కువకు ఒప్పుకోలేదు.

మార్కెట్ ఆఫీసరు గారు ఒక పొద్దున్న వాళ్ళింటికి వచ్చారు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచారు.

"వరసలో మీ కత్తిపీటే పాతదని విన్నానమ్మా. మార్కెట్టు గుమ్మం దగ్గర అద్దాల పెట్టె చేయించాం. అందులో మీ కత్తిపీట పెడతాం. కింద 'గంగపుత్ర మహిళకు వందనం' అని రాయిస్తాం. ప్రారంభం రోజున మీరే మీ చేత్తో పెట్టాలి. శాలువా కప్పుతాం" అన్నారు.

పరదేశమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "మరి నాను ఎక్కడ కూకోవాల బాబూ?" అంది.

"మీకు వేదిక మీద కుర్చీ వేయిస్తానమ్మా" అన్నారాయన, ఎంతో ప్రేమగా.

ఆయన మంచితనానికి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వందనం చేస్తారు, బల్ల ఇవ్వరు. అద్దంలో పెట్టి చూసుకుంటారు, పనిలో పెట్టనివ్వరు. నాకు కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. గాజు పెట్టెలో కూర్చుని నేనేం చెయ్యాలి, వచ్చేపోయే వాళ్ళకి పళ్ళికిలించాలా?

ఆయన వెళ్ళాక సూరాడు మెల్లగా విషయం బయటపెట్టాడు. సంఘంవాళ్ళు బల్లలకు చీటీలు వేస్తే అతనికి గుమ్మం పక్కనే బల్ల వచ్చింది. అన్నిటికంటే బేరాలుండే చోటు.

"నా పేరునుంటేనేటి, నీ పేరునుంటేనేటే? ఎనక నిలబడి అమ్ము. కోతకి ఆ బూట్ల కుర్రోల్లని ఎట్టుకుందాం. నీ మోకాల్లకి మందులొత్తాయి."

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన కాసులమ్మ అంతా విన్నది. "తీసుకో అప్పా," అంది. "నాకు మొగుడూ నేడు, బల్లా నేదు. నాకోసం సూసుకుంటే నువ్వూ మునిగిపోతావు. నాను ఒకరింట అంట్లు తోముకుంతాను."

పరదేశమ్మ సానరాయి తెచ్చుకుని, నీళ్ళు చల్లి, నన్ను నూరడం మొదలుపెట్టింది. నూరుతూనే ఉంది. సూరాడు చుట్ట వెలిగించుకున్నాడు, ఆరిపోయింది, మళ్ళీ వెలిగించుకున్నాడు. తీసుకుంటే ఇల్లు ఒడ్డున పడుతుంది. తీసుకుంటే వరస పోతుంది, వంతు పోతుంది, ఒక్కొక్కతీ ఎవడో ఒకడి పేరు వెనక నిలబడాలి, ఏ పేరూ లేనిది అంట్లు తోముకోవాలి. నా అంచు మీద ఆమె బొటనవేలు ఆడించి పదును చూసింది. "రేపు అందర్నీ రమ్మను," అంది కాసులమ్మతో. "పీటలు కొంగుల కింద ఎట్టుకుని."

ప్రారంభం రోజు మామిడాకులు కట్టారు, బ్యాండుమేళం పెట్టారు. జనం బాగానే వచ్చారు. బల్లల వెనక సంఘం మొగవాళ్ళు తెల్లచొక్కాల్లో, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. ఎల్లాజీ బల్ల గుమ్మం నుంచి రెండోది. అద్దాల పెట్టె తలుపు తీసి, లోపల ఎర్ర మఖమలు పరిచి ఉంచారు. మైకులో పరదేశమ్మ పేరు పిలిచి, చప్పట్లు కొట్టమన్నారు. చప్పట్లు కొట్టారు.

పరదేశమ్మ నన్ను రెండు చేతుల్తో పట్టుకుని నడిచింది. ఆఫీసరు గారు నవ్వుతూ పెట్టె వైపు చెయ్యి చూపించారు. ఆమె పెట్టె దాటి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఆమె నేరుగా ఎల్లాజీ బల్ల దగ్గరికి వెళ్ళి, నన్ను టైల్సు మీద పెట్టి, పైకి ఎక్కబోయింది. మోకాలు వంగలేదు. వెనక నుంచి మా వరస ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని, "ఊ, ఓసారి... ఎక్కీ!" అంటూ తోసి ఎక్కించారు. పైకి వచ్చి, ఆయాసపడుతూ కూర్చుని, కాలు జాపి నా మీద పెట్టింది.

"కాసులా, రాయే," అని కేకేసింది. "గుమ్మం కాడ బల్ల ఈ వారం నీ వంతు."

కాసులమ్మ కొంగు కింద నుంచి పీట తీసి సూరాడి బల్ల ఎక్కింది. ఆ వెనక ఒక్కొక్క బల్లా నిండుతూ వచ్చింది. నిలబడడానికని కట్టిన బల్లల మీద మా వరసంతా కూర్చుంటే, కింద నిలబడ్డ మొగవాళ్ళ తలలు మాకంటే దిగువకు వచ్చాయి. అక్కణ్ణుంచి మార్కెట్టు ఆ చివరి దాకా కనిపించింది. నేల మీద బతికినదాన్ని, అంత ఎత్తు నాకు కొత్త.

బ్యాండు ఆగిపోయింది. ఎల్లాజీ ముఖం కందగడ్డ అయింది. "దిగు! అది నా బల్ల!"

"అలాగే," అంది పరదేశమ్మ. "రా, కూకో. ఓ సేప కొయ్యి. కోసేవా, నాను దిగిపోతాను."

జనంలో ఎవరో ఫక్కున నవ్వారు. ఎల్లాజీ ఏమీ తోచక సూరాడి మీద పడ్డాడు. "నీ బల్ల మీద పరాయిది కూకుంటే సూత్తావేట్రా, సెప్పవేటి?"

సూరాడు తలూపే మనిషి. ఆ రోజు తలూపలేదు. "వంతు ఆవిడిదంట కదా మావా," అని, బల్ల కింది నుంచి బకెట్టు తీసి కుళాయి తిప్పి, నీళ్ళు పట్టి కాసులమ్మ పక్కన పెట్టాడు. మిగిలిన మొగవాళ్ళు కొందరు గొణిగారు, కొందరు వెనక్కి జరిగారు. ఒకరిద్దరు మాత్రం బకెట్లు వెతుక్కున్నారు.

ఇంతలో సంచిలో చేప పట్టుకున్న ఒక ఇల్లాలు ముందుకు వచ్చింది. రబ్బరు బూట్ల కుర్రాడి వైపు చూసింది, మా వైపు చూసింది. చేప తీసి పరదేశమ్మకు అందించింది. వంజరం, మంచి బరువుగా ఉంది. పరదేశమ్మ చేతులకు బూడిద రాసుకుంది.

ఆఫీసరు గారు బల్ల దగ్గరికి వచ్చారు. పాపం, చెమటలు పట్టాయి. "అమ్మా, దయచేసి దిగండి. ఇది కూర్చునే చోటు కాదు."

"కూకున్నాను కదా బాబూ," అంది పరదేశమ్మ.

ఆయన ఇంకేదో అనబోయారు. ఆమె చేపను నా మీదికి తెచ్చి, ఆయన తెల్లచొక్కా వైపు ఒకసారి చూసింది.

"కొంచెం తప్పుకోండి. పొలుసులెగురుతాయి."

ఆయన తప్పుకున్నారు.